కూలింగ్ గ్లాసుల్లో పేరుకి ఎంత, కంటికి ఎంత?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు పంపిన పొడవాటి ఉత్తరం ఇది. ఆమె వయసు 38. వారంలో మూడు రోజులు ఇంకా చీకటి ఉండగానే సైకిలెక్కి, ఎండ ముదిరాక ఇల్లు చేరతారు. నెలకోసారి పదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని కొండలెక్కుతారు. వచ్చే ఏడాది జట్టంతా కలిసి మంచు కొండల మీదికి వెళ్ళాలని అనుకుంటున్నారు. ఈ రెండేళ్ళలో మూడు జతల చవక కూలింగ్ గ్లాసులు కొన్నారు. మొదటిదానికి కాడ దగ్గర కీలు విరిగింది. రెండోది పెట్టుకుంటే గంట తిరక్కుండానే కళ్ళ వెనక బరువెక్కి తలనొప్పి వస్తోంది. మూడోది పోలరైజ్డ్, అంటే తళుకును తగ్గించే రకం. అందులోంచి చూస్తే హ్యాండిల్ మీద బిగించిన సైకిల్ మీటరు నల్లగా కనిపిస్తోంది. ఈమధ్య కంటి డాక్టరు చూసి, కుడి కంట్లో ముక్కువైపు తెల్లగుడ్డు మీద చిన్న కండ మొదలైందని, ఎండలో అద్దాలు లేకుండా తిరగొద్దని చెప్పారట. ఆమెకు కొద్దిగా సిలిండర్ పవరుంది (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోతే వేసేది), 0.75. ఆఫీసులో కళ్ళజోడు పెట్టుకుంటారు కానీ సైకిల్ మీద పెట్టుకోరు.

జట్టులో దాదాపు అందరివీ ఒకే పెద్ద కంపెనీ అద్దాలు. "కళ్ళ దగ్గరా పిసినారితనం?" అని స్నేహితురాలు నిలదీస్తోంది. "దీనిమీదా యూవీ 400 అనే ఉంది, దానిమీదా యూవీ 400 అనే ఉంది, పదింతలు ఎందుకు పొయ్యాలి?" అన్నది భర్త మాట. "ఇద్దరూ చెప్పేది నిజమే అనిపిస్తుంది. కొనకపోతే కన్ను పాడవుతుందేమోనని భయం. కొందామంటే, ఆ డబ్బుతో బాబుకి మంచి బూట్లు వచ్చేవి కదా అని మనసు పీకుతుంది. షాపు దాకా వెళ్ళి మూడుసార్లు తిరిగొచ్చాను. పాత జతల్లో ఒకటి బాబుకి ఇచ్చేసి నాకు పెద్దది కొనుక్కోనా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో ఉన్నది ఒక ప్రశ్న కాదండీ. కంట్లో కండ ఒకటి, తలనొప్పి ఒకటి, విరిగిన కీలు ఒకటి, కనిపించని మీటరు ఒకటి. నాలుగూ కలిసి "ఖరీదైనది కొనాలా వద్దా" అనే ఒకే ప్రశ్నగా ముడిపడ్డాయి కాబట్టే మూడుసార్లు షాపు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చారు. దేనికి ఏది మందో విడివిడిగా చూస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో తేలుతుంది.

ముందు భయం సంగతి. అద్దం ఎంత నల్లగా ఉందన్నది వేరు, అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఎంత ఆపుతుందన్నది వేరు. నలుపు రంగు కంటికి కనిపించే వెలుగును తగ్గిస్తుంది. అతినీలలోహితాన్ని ఆపేది అద్దం తయారైన పదార్థమూ, అందులో కలిపిన రసాయనమూ. ఆటల అద్దాలు ఎక్కువగా పాలీకార్బొనేట్‌తో చేస్తారు. రంగేమీ వెయ్యకపోయినా ఆ ప్లాస్టిక్ ఈ కిరణాల్లో దాదాపు అన్నిటినీ తనంతట తానే పీల్చేసుకుంటుంది. 400 నానోమీటర్ల (వెలుగు అలల పొడవుకు కొలత) దాకా పూర్తిగా ఆపడానికి కలిపే పదార్థం ఖర్చు చాలా తక్కువ. అందుకే ఈ ఒక్క విషయంలో మీవారి మాటే సరైనది. కిరణాలను ఆపే పని చవక అద్దమూ చెయ్యగలదు, దానికోసం పదింతలు పెట్టనక్కర్లేదు. పెద్ద పేరు కొనకపోతే కన్ను పాడవుతుందన్న భయాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి.

అయితే స్టిక్కరు ఎవరైనా అంటించగలరు. దాన్ని కాకుండా కాడ లోపలివైపు చెక్కిన అక్షరాలు చూడండి. ఐఎస్ఓ 12312-1 అన్న ప్రమాణం పేరు, 0 నుంచి 4 దాకా కేటగిరీ అంకె (అద్దం ఎంత నల్లనో చెప్పేది), తయారీదారు పేరు లేదా మోడల్ నంబరు, ఇవన్నీ ఉన్న జతకు జవాబు చెప్పుకునే వాళ్ళంటూ ఒకరుంటారు. ఆ ప్రమాణం 380 నానోమీటర్ల దాకానే లెక్కిస్తుంది. యూవీ 400 అంటే ఇంకో ఇరవై ఎక్కువ. ఆ తేడా గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. అనుమానం తీరాలంటే, అతినీలలోహిత మీటరున్న కళ్ళజోళ్ళ షాపులో అద్దం పెట్టి చూపించమనండి. అర నిమిషం పని. ఇంట్లో చూసుకోవాలంటే 365 నానోమీటర్ల టార్చి కావాలి. కరెన్సీ నోటు మీద ఆ వెలుగు వేస్తే కొన్ని గుర్తులు మెరుస్తాయి. మధ్యలో అద్దం అడ్డుపెట్టినప్పుడు ఆ మెరుపు ఆరిపోవాలి. 395 అని రాసిన టార్చితో ఈ పరీక్ష చెయ్యకండి. దాని వెలుగు ఊదారంగు అంచున ఉంటుంది, మంచి అద్దం కూడా అందులో కొంత వదిలేస్తుంది, మీరు అనవసరంగా కంగారుపడతారు.

ఇప్పుడు కంట్లో కండ. అది మీకు ముక్కువైపునే రావడం కాకతాళీయం కాదు, చాలామందికి అక్కడే వస్తుంది. కణతవైపు నుంచి అడ్డంగా వచ్చే వెలుగును నల్లగుడ్డు ముందున్న వంపు పొర భూతద్దంలా వంచి, సరిగ్గా ముక్కువైపు అంచున కేంద్రీకరిస్తుంది. అంటే మీ కంటికి హాని చేసే వెలుగులో పెద్ద భాగం అద్దం గుండా రావడం లేదు, అద్దం పక్కనుంచి వస్తోంది. ఎంత పేరున్న కంపెనీదైనా, బల్లపరుపుగా ఉండి కణత దగ్గర వేలు దూరేంత సందు వదిలే జత మీ అవసరానికి పనికిరాదు. ముఖం చుట్టూ వంగి కణత దాకా కప్పే మామూలు జత దానికంటే ఎంతో మేలు. ఎండకు తోడు గాలీ దుమ్మూ కూడా ఈ కండకు పడవు కాబట్టి, సైకిల్ తొక్కేవారికి ఆ వంపు రెండు విధాలా అక్కరకొస్తుంది.

షాపులో అద్దం ముందు నిలబడి జత పెట్టుకుని, ముఖాన్ని మెల్లగా పక్కకి తిప్పండి. కణతవైపు నుంచి మీ నల్లగుడ్డు నేరుగా కనిపిస్తే సందు ఎక్కువైనట్టు. రెప్పలు గట్టిగా ఆర్పి చూడండి. వెంట్రుకలు అద్దానికి తగిలితే ప్రతి పది నిమిషాలకీ జిడ్డు మరక పడుతుంది. అక్కడే నడుము వంచి, సైకిల్ మీద ఉన్నట్టు తల కిందికి దించి, కళ్ళు మాత్రం పైకెత్తి దూరం చూడండి. ఫ్రేము పై అంచు దారికి అడ్డొస్తోందా? నిటారుగా నిలబడి చూసినప్పుడు చక్కగా కనిపించే జతలు ఇక్కడే తేలిపోతాయి. పై అంచు లేని ఫ్రేముగానీ, కనుబొమలు దాటే పెద్ద అద్దంగానీ ఎంచుకుంటే మెడ నొప్పి పుట్టదు. నుదుటికీ అద్దానికీ మధ్య కాస్త గాలి ఆడే చోటుండాలి, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు, వేగం తగ్గగానే, ఆవిరి పట్టేస్తుంది. వీలైతే మీ హెల్మెట్ కూడా తీసుకెళ్ళండి. కాడల చివర్లు వెనక పట్టీకి తగిలి అద్దాలు ముందుకు జారడం చాలామందికి ఇల్లు చేరాకే తెలుస్తుంది.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఏ అద్దమూ ఉన్న కండను కరిగించదు. పెరిగే తీరు నెమ్మదించడానికి సాయం చేస్తుంది, అంతే. ఒకే వెలుగులో, ఒకే దూరంనుంచి మూడు నెలలకోసారి ఫోటో తీసి పెట్టుకోండి. నల్లగుడ్డు వైపు జరుగుతున్నట్టు కనిపించినా, ఎర్రదనం తగ్గకపోయినా, చూపు మసకబారినా ఆ ఫోటోలతో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

తలనొప్పి దగ్గర మీ స్నేహితురాలి మాటలో పస ఉంది. ముందు నొప్పి ఎక్కడో గమనించండి. చెవుల పైన, కణతల దగ్గర అయితే కాడలు బిగుతుగా ఉన్నట్టు. కళ్ళజోళ్ళ షాపులో కాస్త వేడిచేసి వంచుతారు, అన్ని ప్లాస్టిక్కులూ వంగవు కానీ అడిగి చూడండి. మీరు రాసింది మాత్రం కళ్ళ వెనక బరువు. పైగా అది రెండో జతతోనే వస్తోంది, మొదటిదానితో రాలేదు. రెండింట్లోనూ మీ పవర్ లేదు కాబట్టి నేరం సిలిండర్‌ది కాదు, ఆ అద్దానిదే. అచ్చులో పోసిన ప్లాస్టిక్ సరిగా చల్లారకపోతే అద్దంలో కంటికి కనిపించని అలలు మిగులుతాయి. రెండు కళ్ళకూ దృశ్యం ఒకేచోట కనిపించకుండా ఆ అలలు కాస్తకాస్త జరుపుతుంటాయి, కంటి కండరాలు దాన్ని సర్దుతూ సర్దుతూ అలిసిపోతాయి.

ఇది మీ చేత్తో మీరే పరీక్షించవచ్చు. జతను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి, అద్దం గుండా తలుపు చట్రం నిలువు గీతను చూడండి. అద్దాన్ని నెమ్మదిగా అటూ ఇటూ, పైకీ కిందికీ జరపండి. వంపు అద్దంలో అంచుల దగ్గర గీత కాస్త పక్కకి జరగడం మామూలే. మధ్యభాగంలో గీత నీళ్ళలో కర్రలా మెలికలు తిరిగితే ఆ అద్దం పనికిరాదు. ఇంకో దారి, ట్యూబులైటు ప్రతిబింబం అద్దం పైతలం మీద పడేలా పట్టుకుని వంచుతూ పోవడం. మంచి అద్దం మీద ఆ తెల్లగీత నున్నగా జారుతుంది, చెడ్డదాని మీద ఎక్కడో ఒకచోట చిట్లినట్టు వణుకుతుంది. షాపులో లెన్సోమీటర్ (అద్దం పవర్ కొలిచే యంత్రం) కింద పెట్టమన్నా చెబుతుంది. పవర్ లేని అద్దం సున్నా చూపించాలి. 0.12 అంటే వదిలెయ్యవచ్చు. 0.25 చూపిస్తే కొనకండి.

మరి ఎక్కువ ధర దేనికి పోతుంది? కొంత నిజమైన పనికే పోతుంది. ముఖం చుట్టూ వంగిన అద్దంలోంచి సూటిగా చూస్తే వెలుగు పక్కకి వంగుతుంది. దాన్ని సరిచెయ్యడానికి మంచి తయారీదారులు అద్దం మందాన్ని మధ్యనుంచి అంచుకు లెక్కప్రకారం తగ్గిస్తూ పోతారు. గీతలు పడని పూత, జిడ్డు అంటని పూత, చెమటకు తడిసినా జారని ముక్కు రబ్బరు, వెయ్యిసార్లు మడిచినా వదులవ్వని కీలు, వీటికీ ఖర్చవుతుంది. అన్నిటికంటే ముఖ్యం విడిభాగాలు. అద్దం గీసుకుపోతే అద్దం, రబ్బరు అరిగితే రబ్బరు విడిగా దొరికితే, కీలు విరిగిన మీ మొదటి జతలా మొత్తం పారెయ్యాల్సిన పని ఉండదు.

మిగతా కొంత పేరుకే పోతుంది. షాపు అరలో ఎదురెదురుగా పోటీపడుతున్నట్టు కనిపించే పేర్లు చాలావరకు ఒకే గూటివి. రే-బాన్‌ను లగ్జాటికా సంస్థ 1999లో, ఓక్లీని 2007లో కొనేసింది. ఆ లగ్జాటికా 2018లో అద్దాల తయారీ సంస్థ ఎస్సిలార్‌తో కలిసిపోయింది. పెద్ద పెద్ద దుస్తుల కంపెనీల పేరుతో అమ్మే కళ్ళద్దాల్లోనూ చాలా జతలు ఇలాంటి సంస్థలే లైసెన్సు తీసుకుని చేసేవి. అవి నాసిరకమని కాదు. కానీ ఒకే పేరు కింద సోకు కోసం చేసిన మోడలూ ఉంటుంది, ఆటల కోసం చేసిన మోడలూ ఉంటుంది, ధరలు ఒకేలా ఉంటాయి. మీకు కావలసింది రెండోది. దాన్నీ నమ్మకమైన షాపులోనే కొనాలి, పేరు ఎంత పెద్దదైతే నకిలీలు అన్ని.

మీ ఉత్తరంలో మీరు నొక్కి చెప్పకపోయినా నాకు ముఖ్యమనిపించిన సంగతి మరొకటి ఉంది. మీరు చీకట్లో బయలుదేరి ఎండలో తిరిగొస్తారు. కేటగిరీ 3 అద్దం 8 నుంచి 18 శాతం వెలుగునే లోపలికి పంపుతుంది. ఎండలో అదే సరైనది, తెల్లవారుజామున అది పెట్టుకుంటే గుంత కనిపించదు. అందుకని చాలామంది చీకట్లో అద్దాలను జేబులో వేసుకుంటారు, దుమ్మూ పురుగులూ సరిగ్గా అప్పుడే కంట్లో పడతాయి. మీరు ఎక్కువ ధర పెట్టదలిస్తే పెట్టవలసిన చోటు ఇదే: అద్దాలు మార్చుకునే ఫ్రేము, లేదా ఎండకు తనంతట తాను నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దం. మొదటిదాంట్లో తెల్లద్దం ఒకటి, కేటగిరీ 3 ఒకటి వస్తాయి, దారిలో ఆగి మార్చుకోవాలి. రెండోది ఆగకుండానే పనిచేస్తుంది. నల్లబడటం నిమిషంలోపు అయినా తెల్లబడటానికి చాలా నిమిషాలు పడుతుంది, అందుచేత ఎండలోంచి చిక్కటి చెట్ల నీడలోకి దూసుకెళ్ళినప్పుడు కాసేపు జాగ్రత్తగా ఉండాలి. వేడి ఎక్కువైతే అది పూర్తిగా నల్లబడదు. కారు ముందద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి కారులోనూ సరిగా నల్లబడదు. కొన్నేళ్ళకు ఆ గుణమే మందగిస్తుంది.

మీటరు నల్లబడటం మీ మూడో జత లోపం కాదు. తెరలో ఒక పోలరైజింగ్ పొర ఉంటుంది, అద్దంలో ఇంకొకటి. రెండూ అడ్డం పడితే వెలుగు ఆగిపోతుంది. తల కాస్త వంచితే అంకెలు తిరిగి కనిపిస్తాయి చూడండి. పోలరైజ్డ్ అద్దం నీటి మీది తళుకును కోసేస్తుంది, చేపలు పట్టేవారికీ పడవ నడిపేవారికీ అది వరం. సైకిల్ మీద మాత్రం తడి రోడ్డు మెరుపే ముందు జారుడుందని చెప్పే గుర్తు, దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు? సైకిల్‌కు పోలరైజ్డ్ వద్దు. ఆ మూడో జతను పారెయ్యకండి, నీళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు వాడుకోండి.

ఇక మీ ముందున్న దారులు. ఒకటి, ఫ్యాక్టరీ పనివాళ్ళు వాడే రక్షణ కళ్ళద్దాలు. ఇది చాలామందికి తట్టదు. జెడ్87+ (అమెరికా రక్షణ కళ్ళద్దాల ప్రమాణం) గుర్తు ఉన్నవి దెబ్బను తట్టుకుంటాయని పరీక్షించినవి, యూ6 అని కూడా ఉంటే అతినీలలోహితాన్ని ఆపడంలో ఆ ప్రమాణంలో పై మెట్టు. ముఖం చుట్టూ వంగి ఉంటాయి, తెల్లవీ నల్లవీ రెండూ దొరుకుతాయి, చవక కూలింగ్ గ్లాసులతో సమానమైన ధరలో రెండూ కొనుక్కోవచ్చు. పూత త్వరగా గీసుకుపోతుంది, ముక్కు దగ్గర సర్దుబాటు తక్కువ, ఆవిరి కాస్త ఎక్కువ పడుతుంది. గీసుకున్నాక బెంగ లేకుండా మార్చేస్తారు.

రెండోది, ఆటల సామాన్ల కంపెనీల మధ్యరకం, అద్దాలు మార్చుకునే జత. మీరు రాసిన బాధలన్నిటికీ సూటిగా సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. విడి అద్దం, ముక్కు రబ్బరు దొరుకుతాయో లేదో కొనకముందే అడగండి. దొరకవంటే మొదటి దారికీ దీనికీ తేడా చాలావరకు పోయినట్టే.

మూడోది, మీ స్నేహితురాలు చెప్పే పెద్ద పేరు. చూపు హాయిగా ఉంటుంది, జాగ్రత్తగా వాడితే ఏళ్ళ తరబడి వస్తుంది. కానీ వస్తువులు ఎక్కడెక్కడో మర్చిపోయే అలవాటుందా మీకు? కొండ మీద రాయికి తగులుతుందేమోనని తీసి బ్యాగులో దాస్తారా? దాచుకున్న అద్దం కంటిని కాపాడదు. ఈ రెండింటికీ మీ జవాబు "లేదు" అయితేనే ఆ దారి.

నాలుగోది, పవర్ వేయించిన అద్దాలు. 0.75 సిలిండర్ లేకుండా సైకిల్ తొక్కవచ్చు, కానీ దూరపు బోర్డులు మసకగా ఉండి కళ్ళు చికిలించి చూస్తుంటే ఇది ఆలోచించండి. బాగా వంగిన ఫ్రేముకు పవర్ వెయ్యడానికి ప్రత్యేకమైన లెక్క కావాలి, అది తెలిసిన షాపులోనే చేయించాలి. ఖర్చు మూడో దారికి దగ్గరగా పోతుంది. తర్వాత పవర్ మారితే అద్దాలు మార్చాలి.

ఏది తీసుకున్నా గాజు అద్దం మాత్రం వద్దు, పడినప్పుడు పగిలి ముక్కలవుతుంది.

మంచు కొండలకు ఈ జతల్లో ఏదీ చాలదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగే కొద్దీ అతినీలలోహితం సుమారు పది శాతం పెరుగుతుంది. కొత్త మంచు 80 శాతం దాకా కిందనుంచి తిరగ్గొడుతుంది, అదే ఇసుక అయితే 15 శాతం. అక్కడ కేటగిరీ 4, పక్కలు మూసిన జత కావాలి. అవి లేకుండా తిరిగితే కొన్ని గంటల తర్వాత, రాత్రి గుడారంలో, కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. కేటగిరీ 4 పెట్టుకుని మాత్రం ఎప్పుడూ బండి నడపకండి, సైకిలూ తొక్కకండి. ఏడాదికోసారి పనికొచ్చేది కాబట్టి ఎవరినైనా అడిగి తీసుకోవడమో, అద్దెకు తెచ్చుకోవడమో చాలు.

కొత్త జత ఎక్కువ కాలం రావాలంటే, చెమట ఆరిన అద్దాన్ని బట్టతో పొడిగా తుడవకండి. దుమ్ము రేణువులు ఇసుక కాగితంలా పనిచేస్తాయి. ముందు నీళ్ళు పోసి, ఒక చుక్క సబ్బునీటితో వేళ్ళతో రుద్ది, కడిగాక మెత్తటి బట్టతో అద్దండి. దోమల మందులో ఉండే డీట్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, అది రాసుకున్న చేతులతో అద్దాలు ముట్టుకోకండి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే పూత పగుళ్ళు తీస్తుంది, పోలరైజ్డ్ అయితే పొరలు విడిపోతాయి.

డబ్బు విషయంలో మనసు పీకుతోందన్నారు. డాక్టరు చెప్పాక ఇది సోకు సామాను కాదండీ, మీ హెల్మెట్ లాంటిది. బాబు బూట్లతో దీన్ని తూకం వెయ్యకండి. మొదటి రెండు దారుల్లో ఏది పట్టినా ఆ బూట్లూ వస్తాయి.

బాబుకి మీ పాత జత ఇవ్వడం మాత్రం వద్దు. పిల్లల కంట్లోని సహజమైన కటకం పెద్దవాళ్ళదానికంటే తేటగా ఉంటుంది, అతినీలలోహితం లోపలిదాకా ఎక్కువగా వెళుతుంది. పెద్దల ఫ్రేము ఆ చిన్న ముఖం మీద నాలుగు వైపులా సందులు వదులుతుంది, ముక్కు మీంచి జారుతుంది, వాడు పది నిమిషాల్లో తీసేస్తాడు. వాడి ముఖానికి సరిపడే పాలీకార్బొనేట్ జత, కేటగిరీ 3, వెనక పట్టీ ఉన్నది చూడండి. దానికి తోడు చుట్టూ అంచున్న టోపీ. వాడు పెరుగుతాడు కాబట్టి అక్కడ పెద్ద పేరు అస్సలు అక్కర్లేదు. మీ రెండో జతను తలుపు చట్రం పరీక్షకు పెట్టండి. గీత మెలికలు తిరిగితే వాడికే కాదు, ఇంకెవరికీ ఇవ్వకుండా విరిచి చెత్తబుట్టలో వేసేయండి.